సొర పిందె ఎందుకు నిలవడం లేదు? తేనెటీగల కోసం ఏం నాటాలి?

ప్రశ్న: మాది ఖమ్మం. మిద్దె మీద కుండీల్లో, గ్రో బ్యాగుల్లో కూరగాయలు పెంచుతున్నాం. సొర, బీర పాదులకు పూత బాగానే వస్తోంది. పిందె మాత్రం వేలెడంత కాగానే పసుపుపచ్చగా మారి రాలిపోతోంది. వంగ కాయలు కూడా కొన్ని గిడసబారి ఉంటున్నాయి. తేనెటీగలు రాకపోవడమే కారణమని అందరూ అంటున్నారు. డల్లాస్‌లో ఉండే మా అమ్మాయి మొన్న వచ్చినప్పుడు తేనెటీగల కోసమని రకరకాల పూల విత్తనాలు కలిపిన ప్యాకెట్టు తెచ్చింది. అవి చల్లాలా, మన మొక్కలే పెట్టాలా? నర్సరీలో అడిగితే పెటూనియాలు, ముద్దబంతులు చూపించారు. ఉన్న తులసికేమో వెన్ను కనపడితే చాలు మా అత్తగారు తుంచేస్తారు. తేనెటీగలు మరిగితే పిల్లల్ని కుడతాయని పక్కింటివాళ్లు ఇప్పటినుంచే గొడవ. మేము వేపనూనె తప్ప మందులేవీ కొట్టం. పిల్లులు కుండీలు తవ్వుతున్నాయని ఈమధ్య మిద్దె మీద పెద్ద ఎల్‌ఈడీ లైటు కూడా పెట్టించాం.
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు సొరపాదు సంగతి తేల్చేద్దాం. దానికి మీరు తేనెటీగల కోసం ఎదురుచూడనక్కర్లేదు.

సొర పొద్దుగూకే వేళ పూస్తుంది. సాయంత్రం రేకులు విప్పుకుని, రాత్రంతా తెల్లగా కనపడుతూ ఉండి, మర్నాడు ఎండెక్కేసరికి వాలిపోతుంది. తేనెటీగలు ఆ వేళకి గూటికి చేరిపోతాయి. సొరకు ఎక్కువగా పనికొచ్చేవి చీకట్లో తిరిగే రెక్కల పురుగులు, అందులోనూ పొడవాటి తొండం ఉన్న పెద్ద చిమ్మటలు. అవి గాల్లో ఒకేచోట నిలబడి పువ్వులోకి తొండం దించి తేనె తాగుతాయి. అప్పుడు అంటిన పుప్పొడి ఇంకో పువ్వుకు చేరుతుంది. పొట్ల కూడా రాత్రి పూసేదే. బీర సాయంత్రం విచ్చుకుంటుంది, కాబట్టి చీకటి పడేలోపు కొన్ని తేనెటీగలు కూడా దాని మీద వాలతాయి. నేతిబీర, కాకర, దోస, గుమ్మడి మాత్రం తెల్లవారుజామున పూసేవి. వాటికి తేనెటీగలే దిక్కు.

ఇప్పుడు మీరు ఉత్తరం చివర్లో మాటవరసకి రాసిన ఆ లైటు దగ్గరికి వద్దాం. రాత్రి పురుగులు వెలుగు దగ్గరికి పోయి అక్కడే గిరగిరా తిరుగుతాయి. పువ్వు సంగతి మర్చిపోతాయి. స్విట్జర్లాండ్‌లో చేసి 2017లో ప్రచురించిన ఒక పరిశోధనలో, వీధిదీపాల లాంటి లైట్లు పెట్టిన పచ్చికబయళ్లలో రాత్రిపూట పూలకు వచ్చే పురుగుల రాకపోకలు 62 శాతం తగ్గాయి. అక్కడ ఒక మొక్కను ప్రత్యేకంగా గమనిస్తే, పగలు బోలెడన్ని పురుగులు వచ్చి వాలినా దాని కాత 13 శాతం పడిపోయింది. మీ పాదు గురించి ఇంతే లెక్క చెప్పలేం గానీ, మీ స్థానంలో నేనుంటే ఇవాళే ఆ లైటు ఆపేస్తాను. పిల్లుల బెడదకి కుండీ మట్టి మీద రేగుకంపో, కత్తిరించిన నిమ్మ కొమ్మలో పరిచి చూడండి. ముల్లు గుచ్చుకునే చోట పిల్లి కాలు పెట్టదు.

చిమ్మటలు తిరిగి వచ్చేదాకా ఆ పని మీరే చేయాలి. సాయంత్రం ఆరున్నర ఏడు మధ్య మిద్దె ఎక్కండి. సన్నటి పొడుగాటి కాడ మీద ఊరికే పూసేది మగపువ్వు. ఆడపువ్వుకు రేకుల కింద నూగుతో చిన్న సొరకాయ లాంటి పిందె ముందే ఉంటుంది. అప్పుడే విచ్చిన మగపువ్వును తుంచి, రేకులు ఒలిచేసి, నడుమ ఉన్న కేసరాన్ని వేలితో తాకండి. పసుపుపచ్చని పొడి అంటితే అది పనికొస్తుంది. దాన్ని ఆడపువ్వు నడుమ ఉండే బొడిపె మీద, అన్ని వైపులా తగిలేలా మెత్తగా రాయండి. ఒక మగపువ్వు రెండు ఆడపూలకి సరిపోతుంది. రెండు మూడు రోజుల్లో పిందె కాడ గట్టిపడి తల కిందికి వాలితే అది నిలిచినట్టే. పాదు మొదట్లో చాలారోజులు మగపూలే పూస్తాయి, దానికి కంగారు పడొద్దు. తీగ కొస తుంచి, ఆపైన వచ్చే పక్క కొమ్మల కొసలు కూడా తుంచితే, అప్పుడు వచ్చే మూడో తరం కొమ్మలకు ఆడపూలు ఎక్కువ. మిద్దెతోటవాళ్లు త్రీజీ కటింగ్ అని చెప్పుకునేది ఇదే. నత్రజని ఎక్కువైనా, ఎండ మండిపోతున్నా మళ్లీ మగపూలే ఎక్కువవుతాయి. కాబట్టి పశువుల ఎరువు, పిండి ఎరువులు చేతికొచ్చినంత వేయకండి.

చేత్తో అంటించినా పిందె రాలుతుంటే, రాలినదాన్ని పారేయకుండా వెలుతురులో పెట్టి చూడండి. వంకర తిరిగి, ఒకచోట సూదితో పొడిచినట్టు చుక్క ఉండి, దాని మీద జిగురు బొట్టు ఎండి ఉంటే అది పండుఈగ పని. కోసి చూస్తే లోపల తెల్లటి పురుగులు కదులుతుంటాయి. అలాంటి వాటిని కంపోస్టులో వేయొద్దు, ప్లాస్టిక్ కవర్లో కట్టి నాలుగు రోజులు ఎండలో పడేయండి. పిందె నిలవగానే పాత పలచటి గుడ్డ సంచి తొడగడం చవకైన ఉపాయం. పాదుజాతి పండుఈగకి క్యూల్యూర్ బిళ్ల పెట్టిన బుట్టలు ఎరువుల దుకాణాల్లో దొరుకుతాయి. అందులో మగ ఈగలు పడతాయి.

ఇక మీ వంగ. ఇక్కడ మాత్రం మీకు అతిథులు కావాలి. ఈ కథ నాకు మహా ఇష్టం, కాస్త ఓపిక పట్టండి.

పొద్దున్నే ఒక వంగపువ్వు దగ్గరగా చూడండి. ఊదారంగు రేకుల నడుమ పసుపుపచ్చని కేసరాలు గోపురంలా దగ్గరగా నిలబడి ఉంటాయి. చాలా పూలకి పుప్పొడి పైకే కనపడుతుంది. వంగకి మాత్రం ఈ కేసరాల లోపల మూసి ఉంటుంది. ప్రతి కేసరం కొసన సూది మొనంత రంధ్రం ఉంటుంది, పొడి బయటికి వచ్చే దారి అదొక్కటే. పైగా ఈ పువ్వులో తేనె ఉండదు. మామూలు తేనెటీగ వచ్చి వాలినా అక్కడ దానికి పెద్దగా గిట్టేదేమీ లేదు. ఈ తాళం తీయడం తెలిసింది వేరే జాతి. నల్లగా, బొద్దుగా, నీలిరంగు మెరిసే రెక్కలతో, ఎండిన దూలాలకు గుండ్రటి బెజ్జాలు పెట్టే తుమ్మెదను మీరు చూసే ఉంటారు. అది వచ్చి కేసరాల గోపురాన్ని కాళ్లతో పొదివి పట్టుకుని, పొట్ట కిందికి వంచి, రెక్కలు కదపకుండానే ఒళ్లంతా అదురుస్తుంది. ఎగిరేటప్పటి ఝుంకారం ఆగిపోయి, దానికంటే సన్నగా, గట్టిగా ఇంకో రొద వినపడుతుంది. అప్పుడు ఆ రంధ్రాల్లోంచి పొడి చిమ్మినట్టు వచ్చి దాని పొట్టకి అంటుకుంటుంది. టమాటాదీ ఇదే తీరు. గాలికి ఊగినా ఇవి కొంత కాస్తాయి, అందుకే మీకు 'పర్వాలేదు' అనిపించేంత కాత వస్తోంది. తుమ్మెద వచ్చి వెళ్తే గింజ నిండుగా పడుతుంది, కాయ తీరుగా సాగుతుంది.

ఈ పని చేసే ఇంకో జీవి నీలిచారల తేనెటీగ. ఇంచుమించు మామూలు తేనెటీగంతే ఉంటుంది. నల్లటి పొట్ట మీద లేతనీలం చారలు ఉంటాయి. ఒకచోట నిలవదు, పువ్వు నుంచి పువ్వుకు దూసుకుపోతుంది. దానికి పట్టు ఉండదు, రాణి ఉండదు, కాపలా ఉండదు. ఆడది ఒంటరిగా మట్టిలో బొరియ తవ్వుకుని గుడ్లు పెట్టుకుంటుంది. మగవాటికి ఆ మాత్రం ఇల్లు కూడా లేదు. సాయంత్రమైతే ఒక ఎండు పుల్లను దవడలతో కరుచుకుని వరుసగా నిద్రపోతాయి. కాబట్టి పాదు ఎండిందని ప్రతి పుల్లా పీకేయకండి.

వీటిని మిద్దె మీదికి రప్పించాలంటే నా మొదటి ఓటు తంగేడుకి. తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో నిండుగా పేర్చే పువ్వు. కడుపులో తేనె లేకుండా, పుప్పొడిని గొట్టాల్లాంటి కేసరాల్లో దాచుకునేది ఇది కూడా. అంటే వంగకి ఏ తుమ్మెద కావాలో తంగేడుకీ అదే తుమ్మెద కావాలి. పైగా తంగేడు ఒకసారి పూత మొదలుపెడితే నెలల తరబడి పూస్తూనే ఉంటుంది, తుమ్మెదలకి మీ మిద్దె దారి అలవాటవుతుంది. మరి తేనె ఎక్కడ తాగుతాయంటే, దాని పక్కనే తులసి గానీ తుమ్మి మొక్క గానీ ఉండాలి. పుప్పొడి పిల్లలకి, తేనె ఎగరడానికి. రెండూ ఒకచోట దొరికితే అవి మరో ఇల్లు వెతుక్కోవు.

తంగేడు నర్సరీల్లో అరుదు. దొరికినా వేరు కదిలితే అలుగుతుంది. ఊరి బయట, చెరువుకట్టల మీద చలికాలంలో కాయలు ఎండి ఉంటాయి. నాలుగు కోసుకొచ్చి, గింజల మీద వేడినీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి, పెద్ద పెయింటు డబ్బాలో నేరుగా విత్తండి. అడుగున రంధ్రాలు మరవొద్దు. ఎర్రమట్టి, ఇసుక చాలు, ఎరువు ఎక్కువైతే ఆకే గానీ పూత ఉండదు. పూత తగ్గాక కత్తిరిస్తూ నడుం ఎత్తులో ఉంచుకోవచ్చు.

తులసి విషయంలో మీ అత్తగారిది తప్పేం లేదు. వెన్నులు గింజ కట్టేదాకా వదిలేస్తే మొక్క కట్టెబారి ఆకు రాల్చేస్తుంది, తుంచితే చాలాకాలం పచ్చగా ఉంటుంది. కోటలో ఉన్నది ఆవిడ ఇష్టానికి వదిలేయండి. కోట చుట్టూ రాలిన గింజలతో మొలిచిన నారు ఉంటుంది కదా, అందులోంచి రెండు మూడు తీసి వేరే కుండీల్లో పెట్టి వాటి జోలికి ఎవరూ పోకుండా చూడండి. సబ్జా గింజలు చల్లినా ఇదే పని చేస్తాయి, ఇంకా తొందరగా పూస్తాయి. పదింటి ఎండలో పూసిన తులసి దగ్గర నిలబడితే చాలు, మీ వీధిలో ఎన్ని రకాల తేనెటీగలు ఉన్నాయో తెలిసిపోతుంది.

అసలు మన ఇళ్లలో తేనెటీగలకి తిండి దొరక్కపోవడానికి కారణం మొక్కలు లేక కాదు. ఏ ఆకుకూరనీ పూయనివ్వం. కొత్తిమీర పూతకొస్తే 'ముదిరిపోయింది' అని పీకేస్తాం. ఈసారి కార్తీకంలో కొత్తిమీర చల్లినప్పుడు సగం మడి కోయకుండా వదిలేయండి. తెల్లటి గొడుగుల్లాంటి పూత వస్తుంది, చిన్న చిన్న పురుగులన్నిటికీ అందేంత పైపైనే తేనె ఉంటుంది. దాని మీదికి తేనెటీగల వేషంలో గాల్లో నిలబడి ఎగిరే పూల ఈగలు కూడా వస్తాయి. కుట్టవు. వీటిలో చాలా రకాల పిల్లపురుగులు పేనుబంకను తిని బతుకుతాయి, చిక్కుడు మీద మీరు కొట్టే వేపనూనె సగం తగ్గుతుంది. పోపులపెట్టెలో ఆవాలు నాలుగు చల్లండి. రెండు ముల్లంగి దుంపలు పీకకుండా ఉంచేయండి. పిట్టగోడ వారగా ఒక పెద్ద బ్యాగులో కందులు విత్తండి, పప్పు కాదు, పొట్టుతో ఉన్న గింజలు. కంది మన దేశంలోనే పుట్టిన పంట, చలికాలం మొదట్లో పసుపుపచ్చగా పూస్తుంది. ఆకుల అంచులు కత్తెరతో కోసినట్టు గుండ్రంగా తెగి ఉంటే తెగులు అనుకోకండి. ఆకు కోసుకుపోయి గూట్లో గుండ్రటి గదులు కట్టుకునే ఒంటరి తేనెటీగ పని అది. గులాబీ ఆకుల్నీ అలాగే కోస్తుంది. మొక్కకి దానివల్ల పోయేది ఏమీ ఉండదు.

వానలు పడుతున్నాయి కాబట్టి ఈ వారమే చేయదగ్గ పని ఇంకోటి ఉంది. రోడ్డు పక్క, ఖాళీ ప్లాట్లలో తుమ్మి మొలిచి ఉంటుంది. వినాయకచవితికి పత్రి వెతికేటప్పుడు, తుమ్మికూర వండుకునేటప్పుడు తప్ప మనకు గుర్తురాదు. జానెడున్నప్పుడే మట్టిగడ్డతో సహా తెచ్చి కుండీలో పెట్టండి. కణుపు కణుపునా గుండ్రటి గుత్తులు, వాటి చుట్టూ తెల్లటి చిన్న పూలు. శ్రావణ భాద్రపదాల్లో వేరే పూలు తక్కువగా ఉన్నప్పుడు తేనెటీగలు, చిన్న సీతాకోకలు దీన్ని వదలవు. చలికాలంలో ఎండిపోతుంది, గింజ అక్కడే రాలి మళ్లీ వానలకి దానంతటదే మొలుస్తుంది. గునుగుదీ ఇదే పద్ధతి. బతుకమ్మ నిమజ్జనం అయ్యాక చేలగట్ల మీద మిగిలిన కంకులు ఎండితే, అరచేతిలో నలిపి చూడండి, నల్లగా నిగనిగలాడే గింజలు రాలతాయి. ఒక కవర్లో దాచి వచ్చే ఏడు తొలకరికి చల్లితే చాలు.

నర్సరీలో దొరికేవాటిలో మీకు నచ్చేది డిసెంబరం. కొమ్మ గుచ్చినా బతుకుతుంది, చలికాలమంతా పూస్తుంది, కోసి జడలో పెట్టుకోగా మిగిలినవి తేనెటీగలకి. కింద ఇంటి చుట్టూ ఒక అడుగు మట్టి ఉన్నా గోరింటాకు కంచెలా పెట్టండి. అడ్డసరం, మునగ కూడా కిందైతేనే బాగుంటాయి. వేప, కానుగ లాంటివి మీరు నాటక్కర్లేదు, మార్చి నుంచి మే దాకా వీధిలో తేనెటీగల్ని పోషించేవి అవే. కరెంటు తీగల కోసమని చెట్టు కొట్టేవాళ్లు వచ్చినప్పుడు పూత అయ్యేదాకా ఆగమని ఒక మాట అడగండి, కొన్నిసార్లు వింటారు.

ముద్దబంతి గురించి అడిగారు. బంతి కూడా మెక్సికో నుంచి వచ్చిందే, మిరప, టమాటా కూడా అమెరికా ఖండం నుంచే వచ్చాయి. వాటిని వెళ్లగొట్టమని నేను చెప్పను. అయితే ముద్దబంతిలో, ముద్దమందారంలో రేకుల మీద రేకులు కుక్కేసి ఉంటాయి. పువ్వు మొహం చూస్తే మనకి పండగే గానీ, పురుగుకి లోపలికి దారి ఉండదు, దారి ఉన్నా పుప్పొడి ఉండదు. రేకబంతి, రేకమందారం తీసుకోండి. పెటూనియాలకి పెట్టే డబ్బు మిగుల్చుకోండి. లాంటానా మాత్రం ఎవరు ఎంత ముచ్చటగా చూపించినా తేవద్దు. దాని మీద సీతాకోకలు వాలే మాట నిజమే, కానీ పిట్టలు పండ్లు తిని గింజల్ని మోసుకుపోయి మన అడవుల్ని అది ఎలా కమ్మేసిందో చూసినవాళ్లు దాన్ని కుండీలో పెట్టుకోలేరు.

సీతాకోకల గురించి మీరు అడగలేదు, కానీ కరివేపాకు పెంచే ప్రతి ఇంట్లో ఈ తగువు వస్తుంది కాబట్టి ఒక మాట. కరివేపాకు, నిమ్మ ఆకుల మీద పిట్ట రెట్టలా కనపడే చిన్న పురుగులు, పెద్దయ్యాక పచ్చగా మారి, తాకితే తల వెనక నారింజరంగు కొమ్ములు చాపి ఘాటైన వాసన వదిలేవి సీతాకోకల పిల్లలే. కూరకి ఒక మొక్క, వాటికి ఒక మొక్క పెట్టి, కనపడ్డవాటిని ఆ రెండో దానికి మార్చేయండి. ఇంటి వెనక జిల్లేడు ఉంటే ఉండనివ్వండి. నలుపు, పసుపు, తెలుపు చారల గొంగళిపురుగు దాని మీదే బతుకుతుంది. పాలు కంట్లో పడకుండా మాత్రం జాగ్రత్త.

మీ అమ్మాయి తెచ్చిన ప్యాకెట్టు చల్లకండి. ఆ మిశ్రమాలు అక్కడి చలికి, అక్కడి తేనెటీగలకి కూర్చినవి. కొన్ని మన ఎండకి మొలవవు. మొలిచి మన నేలకి మరిగిపోయేవి అంతకంటే ప్రమాదం, వయ్యారిభామ మన దేశానికి అలాగే బయటి నుంచి వచ్చి చేరింది. పైగా 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం బయటి దేశాల విత్తనాలు తగిన పత్రాలు లేకుండా మన దేశంలోకి తేకూడదు. అమ్మాయిని చిన్నబుచ్చక్కర్లేదు, డల్లాస్‌లో తన పెరట్లో చల్లుకోమనండి, అది టెక్సాస్ మొక్కలదైతే అక్కడ బంగారమే. ఏటా మోనార్క్ సీతాకోకలు వలసపోయే దారి టెక్సాస్ మీదుగానే. వాటి పిల్లలకి మిల్క్‌వీడ్ తప్ప వేరే తిండి లేదు. అది మన జిల్లేడుకి దగ్గరి చుట్టం. అక్కడ ఒక మిల్క్‌వీడ్ పెడితే తనూ ఇదే పని చేస్తున్నట్టు.

ఇల్లు లేకుండా తిండి పెడితే అతిథి నిలవదు. మీరు కుండీలన్నిటికీ ఎండుగడ్డి కప్పుతుంటారు కాబోలు, మంచిదే. కానీ కింద గోడవారగా ఒక చాపంత మేర నేలను ఏమీ కప్పకుండా, సిమెంటు చేయకుండా వదిలేయండి. ఒంటరి తేనెటీగలు చాలావరకు నేలలోనే గూడు పెడతాయి. చూపుడువేలంత లావు వెదురు ముక్కలు, ఒకవైపు కణుపు మూసి ఉండేలా కోసి, కట్టగట్టి వాన తగలని చోట వేలాడదీయండి. ఆన్‌లైన్‌లో రంగురంగుల బీ హోటళ్లు అమ్ముతున్నారు, వాటికి పెట్టే డబ్బులో పదోవంతు పెట్టి వెదురు కొన్నా ఇంకా మిగులుతుంది. ఎండాకాలంలో వెడల్పాటి మూకుడులో గులకరాళ్లు పోసి, రాళ్లు మునగకుండా నీళ్లు పెట్టండి. అది వాటికి చలివేంద్రం. రెండు రోజులకోసారి నీళ్లు మార్చకపోతే దోమలు పెరుగుతాయి.

వేపనూనె గురించి. 'సాయంత్రం కొట్టండి, తేనెటీగలు ఉండవు' అని అందరూ చెప్తారు, నేనూ వంగకీ బెండకీ అదే చెప్తాను. సొర, పొట్ల, బీర పాదుల మీద ఆ సలహా తిరగబడుతుంది, ఎందుకంటే వాటి పువ్వు విచ్చేదే అప్పుడు. వాటికి పొద్దున్నే, రాత్రి పూసిన పువ్వు వాలిపోయాక, ఆకు అడుగున మాత్రమే కొట్టండి. ఎండ ముదరకముందే అయిపోవాలి, లేకపోతే ఆకు మాడుతుంది. ఏ మొక్కకైనా విచ్చిన పువ్వు మీద పడకూడదు. ఎవరైనా ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు ఇస్తే వద్దనండి. అది మొక్క ఒంట్లోకి పోయి పుప్పొడిలోకి, తేనెలోకి కూడా దిగుతుంది, ఏ పూట కొట్టినా ఒకటే. తేనెటీగల మీద దీని దెబ్బ చూసే యూరోపియన్ యూనియన్ దేశాలు 2018లో ఆరుబయట పొలాల్లో దీన్నీ, ఇలాంటి మరో రెండు మందుల్నీ నిషేధించాయి. కొత్తగా కొన్న పూలమొక్కకి నర్సరీలో ఏం కొట్టారో మనకి తెలియదు కాబట్టి, మొదటి విడత పూలు తుంచేసి తర్వాతివి వదలడం నా అలవాటు.

చివరిగా మీ పక్కింటివాళ్లు. వాళ్ల భయం ఉత్తది కాదు, కానీ అన్ని తేనెటీగలూ ఒకటి కావని వాళ్లకి చెప్పాలి. ఒంటరిగా తిరిగేవి కాపాడుకోవడానికి పట్టు లేనివి, చేత్తో నలిపితే తప్ప కుట్టవు. నల్ల తుమ్మెదల్లో మగవాటికి అసలు ముల్లే లేదు, మొహం మీదికి దూసుకొచ్చి భయపెట్టేవి ఎక్కువగా అవే. గోడ పగుళ్లలో, కరెంటు మీటరు పెట్టెల్లో మైనపు గొట్టం పెట్టుకుని ఉండే నల్లటి బుల్లి తేనెటీగలూ కుట్టలేవు. పొదల్లో అరచేతంత పట్టు పెట్టే చిన్న తేనెటీగలు కదిపితేనే కోపగించుకుంటాయి. భయపడాల్సింది కొండ తేనెటీగకి. నీళ్ల ట్యాంకుల కింద, అపార్టుమెంటు సజ్జాలకి పెద్ద పట్టు పెట్టేది అదే. అది ఎత్తైన చోటు చూసుకుని వస్తుంది, మీ తులసి చూసి కాదు, కొన్ని నెలలుండి దానంతటదే వలసపోతుంది. పట్టు పెడితే ఆ వైపు రాత్రి లైట్లు ఆపేయమనండి, టపాసులు, పొగ, రాళ్లు వద్దనండి. పిల్లలు తిరిగే చోటికి మరీ దగ్గరగా ఉంటే చంపకుండా తీసే అనుభవం ఉన్నవాళ్లనే పిలవాలి, మందు కొట్టేవాళ్లని కాదు. కుడితే ముల్లును గిల్లి లాగకుండా గోటితో పక్కకి గీకి వెంటనే తీసేయాలి, ఆలస్యమైతే విషం ఇంకా ఎక్కుతుంది. ఆ చోట ఐసు పెట్టాలి. పెదాలు, నాలుక వాచినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడకపోయినా, లేక చాలా ఈగలు ఒకేసారి కుట్టినా ఇంట్లో చిట్కాలతో ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.